పదకొండు సున్నాలు

మా ఫెస్టినియోగ్‌లో రాయి పొరలుగా పుడుతుంది.
ఉలి అంచు ఆనించి సుత్తితో ఒక్కటి తడితే
నల్లటి దిమ్మ రెండు పలకలై విచ్చుకుంటుంది.
కార్నార్వన్ కోర్టులో ఆ మంగళవారం
ఇంటిని కూడా అలాగే చీల్చారు:
పేరు ఒక పలక, ఫలం ఒక పలక.
"పేరు మీదే, మిస్ పారీ, దాన్నెవరూ కాదనడం లేదు,"
అన్నాడు మా తమ్ముడి వకీలు మెత్తగా,
కోసేముందు కోడిని నిమిరినట్టు.

ఎనభై ఏడులో బ్యాంకువాడు
ఎమ్రిస్ మొహం చూడలేదు, చేతులు చూశాడు.
ఇళ్ల కప్పులు నేసేవాడు, వానొస్తే పనిలేనివాడు.
మా ఊళ్లో వాన రాని రోజేది?
నేను బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. నెల జీతం, పింఛను.
"అక్కా, నీ పేరు అరువియ్యి" అన్నాడు.
ఇచ్చాను, గుమ్మంలో గొడుగిచ్చినట్టు.
తోడబుట్టినవాళ్ల మధ్య కాగితమేంటి అనుకున్నాం.

నమ్మకం బతికున్నన్నాళ్లూ దానికో పేరు లేదు.
చచ్చాక కోర్టువాళ్లు ట్రస్టు అని పేరు పెట్టి
గంటకింత అని దాని మీద వాదిస్తున్నారు.

ఇరవై ఐదేళ్లు. నెలకొక కవరు నా వంటింటి బల్ల మీద,
తడిసిన నోట్లు, ఒక్కోసారి ఉత్త చిల్లర.
కట్టింది నా ఖాతా లోంచి, నా సంతకంతో.
రశీదులన్నీ నన్నే పొగుడుతాయి.

తర్వాత మాంచెస్టర్ వాళ్లు
శని ఆదివారాలకని ఇక్కడ కొంపలు కొనడం మొదలెట్టారు.
ఎవరో నా చెవిలో ఒక అంకె వేశారు.
ఎవరో ఏమిటి, నేనే వేసుకున్నాను.
తమ్ముడికి ఉత్తరం రాశాను, అమ్మేద్దామని.
"నా ఇల్లు" అని రాశాను అందులో.
రాసేటప్పుడు చెయ్యి వణకలేదు.

అతను ఆస్పత్రిలో మోకాలు కోయించుకుంటున్న వారం
నా దగ్గరున్న తాళంతో వెళ్లి
సామాన్ల గది గోడకి సున్నం వేశాను.
ఆ గోడ నిండా అతని లెక్క,
మైనపు పెన్సిలుతో నెలకొక గీత.
రెండు పూతలు వేశాను, తలుపేసుకుని.
చెమ్మ పట్టింది కదా, అని పైకే చెప్పాను
గదిలో ఎవరూ లేకపోయినా.

మైనం మీద సున్నం నిలవదు.
చలికాలానికి గీతలన్నీ తేలాయి,
నా ముంజేతి మీద నరాల్లా.
వకీలు ఫొటో చేతికిచ్చాడు.
"లెక్కపెట్టండి. లెక్కల టీచరు కదా మీరు."

వరసకి పన్నెండు. ఇరవై ఐదు వరసలు.
బోర్డు ముందు నిలబెట్టిన పిల్లలా
వేలు పెట్టి లెక్కించాను.
తొంభై ఒకటిలో ఒకచోట వేలు ఆగింది.
గీత కాదు. సున్నా.
పక్కనా సున్నా. ఆ పక్కనా.

అతను నిచ్చెన మీంచి పడ్డ ఏడాది.
కవర్లు రాని నెలలు.
నేనే కట్టాను, మళ్లీ అడగలేదు,
అడగలేదన్న సంగతే మరిచిపోయాను.
అతను మరవలేదు.
నా కంతుల్ని గుండ్రంగా చుట్టి గోడలో దాచాడు.
ఆ ఇంట్లో నాదంటూ ఉన్నదానికి
ఎక్కడైనా సాక్ష్యం ఉంటే అదొక్కటే,
దానికే నేను సున్నం కొట్టాను.

"ఎన్ని?" అన్నారు జడ్జి గారు, కళ్లజోడు తుడుచుకుంటూ.
"రెండొందల ఎనభై తొమ్మిది అతనివి.
పదకొండు నావి."
నా వకీలు పెన్నుకి మూత పెట్టేశాడు.

బయట బెంచీ మీద ఇద్దరం,
మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ.
కాఫీ మిషను ఎవరి నాణెమో మింగి గురగురలాడింది.
ఎమ్రిస్ మోకాలు రుద్దుకుంటున్నాడు.
చాలాసేపటికి, నా వైపు చూడకుండానే:
"మైనం మీదకి సున్నమేంటక్కా.
ముందు గోడ గీకాలి కదా."