ఏడో శ్రోత

గ్రిమ్స్‌బీలో, చేపల మార్కెట్ వెనక వీధి.
బుధవారం రాత్రి ఈనాక్ తన చిప్స్ కొట్టు మూసేశాక
కుర్చీలు బల్లలెక్కే ముందు
ఓ అరగంట మాది.
వెనిగర్ వాసన, తడి కోట్ల వాసన,
ఉప్పు డబ్బాకి చేరగిలబడ్డ ఫోను,
అందులోంచి హార్బర్ స్పారోస్.
రాత్రీ పగలూ వాళ్ళే. ఇంకెవరి పాటా రాదు.
తొమ్మిదేళ్ళ బ్యాండు, అరవై నాలుగు పాటలు,
ఆపైన యాభై ఏళ్ళుగా చప్పుడు లేదు.

రేడియో నడిపేది క్లైవ్.
ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు గడ్డలు మోసిన చేతులు
ఇప్పుడు గరాజులో, పెయింటు డబ్బాల మధ్య,
ఏ పాట పక్కన ఏ పాటో పేరుస్తుంటాయి.
ప్రకటనలుండవు. వార్తలుండవు.
గంటకోసారి అతని దగ్గు వస్తుంది.
అదే మా స్టేషన్ గుర్తు, అంటాడు.

మేం ఆరుగురం. మా తగువులన్నీ ఇలాంటివే:
'తడిసిన టికెట్టు' మోనోలో వినాలా, స్టీరియోలోనా?
స్టీరియో అయితే డ్రమ్ములో చెవిలో, గొంతో చెవిలో,
మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుని
చెరో గదిలో పడుకున్నట్టుంటుంది, అంటుంది హిల్డా.
బెర్ట్రమ్‌కి కుడిచెవి వినబడదు కాబట్టి
అతని ఓటు చెల్లదనీ అంటుంది.
రెండో డ్రమ్మర్ గొప్పా, మొదటివాడు గొప్పా అని
పోయిన మార్చిలో వీళ్ళిద్దరికీ
మూడు వారాలు మాటల్లేవు.
మధ్యలో హిల్డా చెల్లెలు ప్రూడెన్స్,
తలూపుతుంది, ఎవరికో తెలియదు.

ఫోను తెర అడుగున చిన్న అంకె ఉంటుంది,
ఇప్పుడు ఎందరు వింటున్నారో.
ఏడు.
అర్ధరాత్రి చూసినా ఏడే.
మేం ఆరుగురం పాట పెట్టుకునే పడుకుంటాం, సరే,
ఆ ఏడో మనిషెవరు?

బేస్ గిటార్ సగంలో వదిలేసి పోయినవాడే, అన్నాడు బెర్ట్రమ్,
పోర్చుగల్‌లో కూచుని తన తప్పులు లెక్కపెట్టుకుంటున్నాడు.
కాదు, ఎక్కడో లైట్‌హౌస్‌లో ఒంటరి మనిషి, అంది హిల్డా.
ఏదో యంత్రమై ఉంటుంది, అన్నాడు ఈనాక్ నూనె వడకడుతూ,
మనుషులకి అంత ఓపికెక్కడిది.
ఇఫియోమా ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ
చిప్స్ కోసం వచ్చి మాలో కలిసిపోయిన పిల్ల.
ఎవరో నిద్రపోయారు, ఆపడం మరిచిపోయారు,
అంతే, అంది.

క్లైవ్ చాలాసేపు టీ కలిపాడు.
చక్కెర వేసుకోడు అతను.
"నేనే," అన్నాడు.
"వంటింట్లో ఇంకోటి పెడతాను.
గరాజు దాటి బయటికి పోతోందో లేదో చూసుకోవాలిగా.
పైగా ఆరు కంటే ఏడు... కాస్త నిండుగా ఉంటుంది."

నూనె చల్లారుతూ టప్‌మంది.
క్రిస్మస్‌కి ఆ ఏడో మనిషి పేరిట
పాట వేయించింది హిల్డానే.
"విన్నాను," అన్నాడు క్లైవ్,
"సింకు దగ్గర నిలబడి, చివరిదాకా."
హిల్డా ఏమీ అనలేదు.
అతని కోటు గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంటే
సరిచేసి పెట్టింది.

ఆ రాత్రి నా బస్సు ఆఖరి ట్రిప్పు.
డిపోలో ఇంజను ఆపి ఫోను చూశాను: ఆరు.
పళ్ళూడిన నోట్లో నాలుక తిరిగినట్టు
ఆ ఖాళీ దగ్గరికే పోయేది మనసు.

రెండూ నలభైకి మెలకువొచ్చింది.
ఏడు.

క్లైవ్‌కి ఫోన్ చేశాను.
మళ్ళీ పెట్టావా అని తిట్టడానికే.
"లేదే," అన్నాడు. గొంతులో నిద్ర లేదు.
"ప్లగ్గు కూడా పీకేశాను. గరాజులో ఉన్నాను.
నేనూ దాన్నే చూస్తున్నాను."
ఇద్దరం కాసేపు ఊరుకున్నాం.
తర్వాత అతను దగ్గాడు.
ఇరవై సెకన్లకి
అదే దగ్గు నా తలగడ పక్కన రేడియోలో వచ్చింది,
ఇంకెక్కడో కూడా, ఎవరి పక్కనో.