కళ్ళు తిరిగే దిక్కు

పర్లాకిమిడిలో నా గదికి వచ్చేవాళ్ళలో సగం మంది
"ముండొ బులౌచి" అంటారు, తల తిరుగుతోందని.
మిగతా సగం, మనవాళ్ళు,
"కళ్ళు తిరుగుతన్నాయమ్మా" అంటారు.
ఇద్దరికీ ఒకే బల్ల, ఒకే స్టాప్‌వాచీ,
నేల మీద ఒకే మూడు మీటర్ల సుద్దగీత.

మొజ్జాడ లోకనాథం కొమ్ముపనివాడు.
దున్నపోతు కొమ్ముని సెగన మెత్తబరిచి
కొంగలు చేస్తాడు,
అద్దాల బీరువాలో ఎన్నేళ్ళయినా
ఒంటికాలి మీద నిలబడే కొంగలు.
ఒంటికాలి మీద నిలబడమన్నాను.
నాలుగు సెకన్లు.
ఐదో సెకను నా భుజం మీద పడింది.

పైత్యమని మూడు వారాలు నిమ్మకాయ నీళ్ళు తాగాడట.
బీపీ అన్నారొకరు.
రంపం పట్టకన్నారొకరు.
పొద్దున్నే తాగేడని వీధి చివర ఎవడో నవ్వేడు;
అది మాత్రం రెండుసార్లు చెప్పాడు.

కళ్ళు మూసుకోండి, అన్నాను.
ఉన్నచోటే యాభై అడుగులు వేయండి, కవాతులో లాగ.
ముఖం మహేంద్రగిరి వైపు పెట్టించి
లెక్కపెడుతున్నాను.
పదిహేను. ఇరవై.
చీలమండలు కుడికి జారుతున్నాయి,
ఆయనకి తెలీదు.
యాభై అనేసరికి ముఖం పాతపట్నం వైపుంది.
కళ్ళు తెరిచి కిటికీ కోసం వెతుక్కున్నాడు.
"ఇదేటి, నాను కదల్లేదు గదా."
కదల్లేదు, నిజమే.
ఉన్నచోటే ఉండి రాష్ట్రం దాటేశారు, అన్నాను.
నవ్వలేదు.
నేనూ డెబ్భై డిగ్రీలని రాసుకున్నాను.

తల కుడికి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టాను.
ఒకటి, రెండు, మూడు,
అప్పుడు చూశాను.
గుడ్లు పైకి ఎగిరెగిరి పడుతూ, కుడికి మెలితిరుగుతూ,
చేప తగిలిన గాలం బెండులా.
ఆయన పట్టిన పట్టుకి నా గాజు చిట్లింది.
ఇరవై రెండు సెకన్లు. తర్వాత నిలకడ.
ఇన్నేళ్ళూ మాటవరసకి అంటారనుకున్నాను.
కళ్ళు తిరగడమంటే
కళ్ళు తిరగడమే.

చెవి లోపల మూడు వంపు గొట్టాలుంటాయి,
వాటిలో నీరు,
పక్క గదిలో ఉండాల్సిన సున్నపు రేణువులు
ఊడి అక్కడికి దారి తప్పాయి, అని చెప్పాను.
వేలితో చెవి నులుముకున్నాడు.
"మా ఆకురాయి పొట్టేనా?"
కాదు. మీ ఒంట్లోవే.
"మరయితే ఎలగ తీస్తారు?"
తియ్యం. ఇంటికి పంపిస్తాం.

కుడికి తల. నిమిషం.
ఎడమకి తల. నిమిషం.
ఒళ్ళంతా ఎడమకి, ముక్కు నేలకేసి. నిమిషం.
లేచి కూర్చోండి, గడ్డం కిందికి.
మందు లేదు, సూది లేదు.
ఇంతేనా అన్నట్టు చూశాడు;
ఫీజు మీద అనుమానమొచ్చిన చూపు అది,
నాకలవాటే.

రెండో శుక్రవారం
కుర్చీలోంచి లేచి, గీత చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి కూర్చోవడం
పంతొమ్మిది సెకన్ల నుంచి పదికి దిగింది.
ఒంటికాలు పద్నాలుగు.
పడుకోబెడితే కళ్ళు కదల్లేదు.
అయినా తలుపు దాటేటప్పుడు
చెయ్యి గోడని వెతికింది.
దాన్ని కొలిచే పట్టీ నా దగ్గర లేదు.

భార్య సుభద్ర చెప్పింది:
మంచం నుంచి పెరటిదాకా గోడంతా ఆయన అరచెయ్యేనట,
మసి, కొమ్ము జిడ్డు, భుజమెత్తున ఒక నల్లటి బాట.
సున్నం వేద్దామంటే
ఒగ్గండి, ఒగ్గండి అంటాడట.

మూడోసారి ఆయన ముందు నడిచొచ్చాడు.
"సున్నమేసీసేం" అన్నాడు.
"ఆదివారానికి తెల్లగా అయిపోనాది.
మంగళారం చూస్తే మళ్ళీ ముద్రలు.
నావి కావు. ఎత్తు తక్కువ."

ఆవిడ తలుపు దగ్గరే ఆగింది,
పైట సర్దుకుంటున్నట్టు
ద్వారబంధం పట్టుకుని.
ఎన్నాళ్ళనుంచి, అన్నాను.
"ఈయన్ని పట్టుకున్నంత కాలం తెలీలేదమ్మా."

రిజిస్టరులో పేజీ తిప్పాను.
చెప్పులు విప్పి ఇలా రండి.
కళ్ళు మూసుకోండి.
ముఖం మహేంద్రగిరి వైపు.

నేను వాచీ నొక్కేలోపే
లోకనాథం లెక్కపెట్టడం మొదలెట్టాడు.