సగం తల

"సా టాటుకి వచ్చెయ్" అంది నెకేసా ఫోనులో.
మా నైరోబీలో గంటలు పొద్దుతో పుడతాయి.
సా టాటు అంటే పొద్దు పుట్టిన మూడో గంట,
చేతి గడియారం దాన్నే తొమ్మిది అంటుంది.
తొమ్మిదికి ఐదు నిమిషాలుండగానే
కెన్యాటా మార్కెట్లో, మాంసం కాలే పొగ పక్కన,
మూసిన రేకు తలుపు ముందు నిలబడ్డాను
కొనుక్కున్న జుట్టు నాలుగు పొట్లాలు చంకన పెట్టుకుని.

తలుపు పదింటికి లేచింది.
లేపింది నెకేసా కాదు, చెబెట్,
పని నేర్చుకుంటున్న పిల్ల, పదిహేడుంటాయేమో.
"అక్క దారిలో ఉంది" అంది నా మొహం చూడకుండా.
అదేం దారో గానీ
పదకొండున్నర దాకా తెగలేదు.

వచ్చాక, "ఒక్క నిమిషం, కెరూబో."
ఆ నిమిషాన్ని కళ్ళారా చూశాను నేను.
అది చపాతీ తింది, టీ తాగింది,
అప్పుకొచ్చిన తమ్ముణ్ణి తిట్టి పంపింది,
టీవీ సీరియల్లో పీటల మీది పెళ్ళి ఆగేదాకా
కదలకుండా నిలబడింది.
అప్పుడు తీరిగ్గా
నా తల పట్టుకుంది.

ఒప్పుకోవాలి, ఏం వేళ్ళు అవి!
పాపిడి తీస్తే దారం పట్టి గీసినట్టుంటుంది.
ఆ వేళ్ళ కోసమే కదా
మేమంతా ఆ నోటిని భరిస్తాం.

ఎడమవైపు పూర్తయింది.
అప్పుడొచ్చిందొకావిడ,
వేలికి కారు తాళం తిప్పుకుంటూ,
సాయంత్రం ఎవరిదో పెళ్ళట.
పొయ్యి మీంచి చెయ్యి తీసినంత గబుక్కున
నా తల మీంచి చెయ్యి తీసింది నెకేసా.
ఆవిడకి కుర్చీ, ఆవిడకి ఫ్యాను, ఆవిడకి చల్లటి సోడా.

జుట్టు ఒకరి చేతికి చిక్కిందంటారే,
నాది చేతికి చిక్కి, ఆ చెయ్యి కూడా వెళ్ళిపోయింది.
సగం అల్లిన తలతో ఈ మనిషి ఎక్కడికి పోతుందిలే
అని నాకంటే ముందే లెక్కేసుకుంది ఆమె.

"తొమ్మిదికి రమ్మన్నావు" అన్నాను.
"సా టాటు అన్నాను. మూడు.
గోడ మీద చూడు, మూడే కదా!"
షాపంతా నవ్వింది. కారు తాళం కూడా గలగలమంది.
నేనూ నవ్వాను.
ఇప్పటికీ మండేది దానికే.

లేచాను.
పదిహేను వందలకి సగం, ఏడు వందల యాభై,
దువ్వెనల పక్కన లెక్కపెట్టి ఉంచాను.
మిగిలిన రెండు పొట్లాలు సంచిలో వేసుకున్నాను.
"ఈ తలతో బజారులో తిరుగుతావా?"
"తిరుగుతాను. ఎవరు అల్లారంటే నీ పేరే చెప్తాను."
చెబెట్ తల దించుకుని నేల ఊడుస్తోంది,
చీపురు మాత్రం నవ్వుతున్నట్టు ఊగుతోంది.

మటాటులో నా పక్క సీటు పిల్లాడు
ముందు ఎడమవైపు నుంచి చూశాడు,
తర్వాత వంగి వంగి కుడివైపు నుంచి.
"ఇద్దరా?" అని అడిగాడు వాళ్ళమ్మని.

ఆదివారం మా చెల్లెలు మొరా కూర్చుంది కుడివైపుకి.
ఆ పిల్లకి రాదు.
పాపిళ్ళు వానకి కోసుకుపోయిన కాలిదారుల్లా వచ్చాయి.
రాత్రి పన్నెండయింది,
నీళ్ళకి తప్ప లేవలేదు.

సోమవారం నా పని నాకుంది,
ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల కిటికీ.
పదకొండు కాగానే రోజూలాగే చెయ్యి
మేకు మీది అట్టని అందుకుంది:
"పది నిమిషాల్లో వస్తాను."
ఎన్నేళ్ళ అట్టో, 'పది' దగ్గర సిరా చెరిగిపోయింది.
ఎన్నిసార్లు దాన్ని వేలాడదీసి
వెనకగదిలో మండాజీలు తింటూ
మార్గరెట్ అత్తగారి కథలు విన్నానో!

బయట బల్ల మీద ఒక ముసలాయన,
చీటీ నలిగి మెత్తబడి గుడ్డలా అయింది.
అట్ట చేతిలోనే ఉంది.
"ఎంతసేపయింది తాతా, వచ్చి?"

ఆయన గడియారం వైపు చూడలేదు.
నా తల వైపు చూశాడు,
కుడివైపు.