ఖాళీ తక్కెడ

గుణుపురం వారపు సంతలో
నా కొట్టు పక్కనే ఫిలేమోను కొట్టు.
కొండ దిగొచ్చిన సవర ముసలమ్మ
చింతపండు బుట్ట దింపితే
ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూపిస్తాడు,
ఆమెకి లెక్క రాకపోయినా.

నా తక్కెడలో, రాళ్ల పళ్లెం అడుగున
మైనంతో అంటించిన సీసం బిళ్ల
మా నాన్న నాటిది.

ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా
ప్రభువు మాట ఎత్తలేదు నాతో.
నా టైఫాయిడ్ రోజుల్లో మాత్రం
నా కొట్టు తనే తెరిచాడు.

లేచొచ్చి చూస్తే చిట్టా సరిగ్గానే ఉంది,
లాభమే కాస్త తగ్గింది.
తక్కెడ తిరగేశాను.
బిళ్ల లేదు.
గల్లాపెట్టెలో, కాగితంలో చుట్టి ఉంది,
నా వస్తువు నాకే.

"ఏటి ఫిలేమోనూ" అన్నాను.
"జ్వరం తగ్గిందా" అన్నాడు.

ఇవాళ సంత.
ముసలమ్మ నా వైపే వస్తోంది.
కాగితం ఇంకా విప్పలేదు.