కిరసనాయిలు లెక్క

విమానానికి పోసేది ఏమిటో
మా అమ్మకు చెప్పడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.
ఖరీదైనదేదో, వాసన లేనిదేదో అనుకుంది పాపం.
కాదమ్మా, కిరసనాయిలే.
కాస్త కడిగి, తడి తీసి, పేరు మార్చారంతే.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు.
తర్వాత అంది:
“మరైతే మనకెందుకు అంత పిసినారిగా పోసీవోళ్ళు?”

మల్కాపురంలో
రిఫైనరీ మంట రాత్రంతా మా గోడ మీద ఆడేది.
ఆ గోడకి ఇవతల లాంతరు వెలగాలంటే మాత్రం
గుడివాడ సన్యాసమ్మ, తెల్ల కార్డు,
తెల్లారగట్ల నుంచి డిపో ముందు నిలబడాలి.
నెలకి రెండు లీటర్లు.
కొలత గిన్నెలో నురగ దిగేదాకా
ఆవిడ డీలరు చేతినే చూసేది.
గరాటు నా చేతిలో.
“సుక్క ఒలికిందా, సంపేత్తాను.”

ఇప్పటికీ ఒలకనివ్వను.
ఆ భయమే నాకీ ఉద్యోగం ఇప్పించిందనుకుంటాను.
బౌజరు రెక్క కిందకి తెచ్చి
ఎర్తు తీగ తగిలించి, గొట్టం బిగించి
మీటరు సున్నా చేస్తే
పావుగంట.
మూడు వేల లీటర్లు.
హైదరాబాదు దాకా.

ఒకరోజు చిట్టీ వెనకాల లెక్క వేశాను.
నూట ఎనభై సీట్లు.
తలకి పదహారు లీటర్లు, పైన చిల్లర.
మా ఇంట్లో ఎనిమిది నెలల దీపం
ఒక్క గంటలో.

సోమవారం పొద్దున్న నీలం సంచీ మేడమ్ ఒకామె ఎక్కుతుంది,
సాయంత్రం అదే సంచీతో దిగుతుంది.
లోడరు పైడిరాజు ఉండబట్టలేక అడిగాడట.
గంటన్నర మీటింగు బావూ, అందట.
ఫోన్లో అయిపోయేదే,
కానీ వెళ్ళకపోతే బాగోదట.

నేనేమీ అనను.
నా జీతం ఆ గొట్టంలోంచే కారుతుంది.
హుదూద్‌కి టెర్మినల్ పైకప్పు లేచిపోయిన వారం
విమానాల్లేక ఆకాశం ఒక్క గీతైనా లేకుండా ఉంటే
అందరూ బాగుందన్నారు,
నాకు కడుపులో రాయి పడింది.
మొన్న మే నెలలో మాత్రం
యాప్రాన్ మీద నా బూటు అడుగు ఊడొచ్చి అతుక్కుంది.
వంగి పీకుతూ అనుకున్నాను,
ఇందులో నా వాటా ఎన్ని లీటర్లో.

కెప్టెన్ ఒకాయన ఉన్నాడు.
దిగాక ఒక ఇంజను ఆపేసి
ఒంటికాలి మీద వచ్చినట్టు బే దాకా వస్తాడు.
ఆయన్ని చూస్తే
గిన్నె బోర్లించి ఆఖరి చుక్క కోసం ఆగే అమ్మే.
వాడేసిన వంటనూనెతో కూడా ఎగరొచ్చని చెప్పిందాయనే.
పైడిరాజు నవ్వాడు:
బీచ్ రోడ్డు మిరపకాయ బజ్జీల మూకుళ్ళన్నీ వంచినా
ఒక రెక్క తడవదు సార్.
ఆయన నవ్వలేదు.
ఆ రెక్కైనా తడుపుదాం అన్నాడు.

ఈ ఏడు సేఫ్టీ ట్రైనింగుకి
హైదరాబాదుకి నాకు విమానం టికెట్టు ఇచ్చారు.
పదకొండేళ్ళు కడుపు నింపాను, ఒక్కసారీ ఎక్కలేదు.
రైలుకి పోతానన్నాను.
ఆఫీసరు నా నుదురు పట్టుకు చూశాడు.

గోదావరి ఎక్స్‌ప్రెస్, పై బెర్తు.
దువ్వాడ దాటాక పరవాడ చిమ్నీలవైపు చూశాను,
దీనికీ బొగ్గు కరెంటే, తెలుసు.
అయినా ఇంతమంది ఒకే తాడు పట్టుకుని లాగినట్టు,
ఎవరి చేతికీ పెద్ద బరువు లేదు.
సామర్లకోటలో ఎవరో పెరుగన్నం విప్పారు.
రాత్రంతా నిద్రే దూరాన్ని తినేసింది.

తిరిగొచ్చాక అమ్మకు గొప్పగా చెప్పాను,
పదహారు లీటర్లు మిగిల్చానని.
చదువయ్యాక వొత్తి దించిన పిల్లాడిని చూసినట్టు చూసింది.
ఇక దాచలేక నిజం కూడా చెప్పాను:
నా సీటు ఖాళీగానే ఎగిరిందట,
ఆ రోజూ మీటరు మూడు వేల దగ్గరే ఆగిందని పైడిరాజు అన్నాడు.

అమ్మ చింతపండు పిసకడం ఆపింది.
“మనిషి లేని సీటుక్కూడా
దీపం ఎలిగించీసినారా?”

వెలిగించారమ్మా.