రెండు స్టెప్నీలు

మా బండికి ముందు చక్రాలకి అయిదు బోల్టులు,
వెనక చక్రాలకి ఆరు.
ఎందుకలా అని ఎవరైనా అడిగితే
"ముందు కాళ్లు ఒకరివి, వెనక కాళ్లు ఒకరివి" అని
పున్నయ్య పెదనాన్న నవ్వేసేవాడు.
నేను నవ్వలేదు, మోశాను.
నాలుగు సోడా పెట్టెలు పట్టే చోట
ముప్ఫై ఏళ్లుగా రెండో స్టెప్నీని.

మొన్న బుధవారం రాత్రి బ్యారేజీ మీద
వెనక ఎడమ చక్రం కూలబడింది.
సీతానగరం వైపు నుంచి గాలి, కింద గేట్ల హోరు.
ఫోను దీపం పళ్ల మధ్య పట్టుకుని
జాకీ ఎత్తి, నట్లు ఊడదీసి, కొత్త చక్రం ఆనిస్తే
ఆరు బోల్టుల మీద అయిదు బొక్కల రిమ్ము.
ఆరు బొక్కలది పొద్దున్నే పంక్చరుకిచ్చి
తెచ్చుకోవడం మరిచాను.
ఒక బోల్టు దూరింది.
మిగతావి ముఖం చాటేశాయి.

తెల్లారి ఆటోనగర్.
రేకుల షెడ్డులో నాగుల్ మీరా
ఇరుసు బయటికి లాగి, బనీను గుడ్డతో తుడిచి,
జ్వరమొచ్చిన పిల్లాడి మొహంలా అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఆరు తేలికమ్మాయ్.
వృత్తం గీసిన డివైడర్నే దాని మీద నడిపించు,
ఆరడుగుల్లో ఇంటికొచ్చేసుద్ది.
అయిదు అట్టా కాదు.
చివరడుగు ఎప్పుడూ వెంట్రుకంత తప్పుద్ది.
మళ్లీ మొదటికి రావాల."

నాలుగు సార్లు మొదటికొచ్చాడు.
మూడుంపావు అంగుళానికి ఓ నలుసు తక్కువ దగ్గర
డివైడరు తన మొదటి గుచ్చులోనే దిగింది.
నేను రెండో టీ గ్లాసు కింద పెట్టాను.

"పాత ఆరింట్లో ఒకటి మన అయిదులోకి వచ్చుద్ది.
రెండు మాత్రం కొత్తవాటికి మరీ దగ్గర,
మధ్యలో దారప్పోగంత ఇనుమే మిగులుద్ది.
వాటికి మర వేసి, ముక్క బిగించి, వెల్డింగుతో మూసేస్తా.
మిగతా మూడూ అట్టాగే ఉండనీ.
అన్నీ పూడ్చేద్దామనుకుంటే ఇనుము వంకరపోద్ది."

డ్రిల్లు దిగింది. ఉక్కు చుట్టలు చుట్టలుగా లేచింది,
మాడిన నూనె వాసన, వేడి నీలం.
ఉన్నట్టుండి మిషను ఆపి
పాత బోల్టుల చుట్టూ వేలు తిప్పాడు.
"ఇది ఈ బండి ఇరుసు కాదు.
రాత్రికి రాత్రి ఎక్కించారెవరో. ఎడమచేతి వాటం మనిషి.
సుత్తి దెబ్బలు చూడు, అన్నీ ఇటే వాలినయ్.
తొందరలో చేశాడు గానీ, పని తెలిసినోడే."

పెదనాన్న ఎడమ చేత్తో బీడీ ముట్టించేవాడు.

ఉప్పెన ఏడాది, పెద్దమ్మ చెప్పేది,
సోడా సీసాల్లో గ్యాసు లేకుండా మంచినీళ్లు నింపి
మూతులకి చీర పీలికలు కుక్కి
అవనిగడ్డ వైపు తోలుకుపోయాడని,
దారిలో ఇరుసు విరిగిందని,
మరుసటి రోజు మళ్లీ బయల్దేరాడని.
విరిగింది దేనితో అతికించాడో ఆమెకి తెలీదు.
నేనెప్పుడూ అడగలేదు.
ఆ ఆరో బోల్టుని మాత్రం
ముప్ఫై ఏళ్లు తిట్టాను.

ఎడమది అయ్యేసరికి మధ్యాహ్నం.
కుడిదీ, దాని డ్రమ్మూ అయ్యేసరికి
రోడ్డు మీద లైట్లొచ్చాయి.
అయిదు నట్లు, ఒకటి వదిలి ఒకటి,
నక్షత్రం గీసినట్టు బిగించాడు.
ఇప్పుడు ఏ చక్రమైనా ఎక్కడికైనా ఎక్కుతుంది.
పాత రిమ్ములు మూడూ తూకానికి వేశాను,
చిల్లర లెక్కపెట్టుకోలేదు.

బెంజి సర్కిల్ దగ్గర గతుకులో
వెనక రెండో స్టెప్నీ దడదడమంటుందని
అలవాటుగా భుజాలు బిగబట్టాను.
ఏ చప్పుడూ లేదు.
ఆ చోట నాలుగు పెట్టెలు పెట్టొచ్చు.
ఇంకా పెట్టలేదు.

మూడు పాత బొక్కలు రిమ్ము వెనక చీకట్లో ఉన్నాయి,
బయటికి కనపడవు.
బండి కడిగిన రోజు మాత్రం
అంతా ఆరిపోయాక కూడా అక్కణ్ణుంచి
కాసేపు నీళ్లు కారుతుంటాయి.