ఒలుపు పరీక్ష

అతికించేది సూరన్న.
విడదీసి చూసేది నేను.
రావులపాలెంలో అరటి మార్కెట్టు వెనక రేకుల షెడ్డులో
పదకొండేళ్లుగా మా ఇద్దరికీ ఇదే పేచీ.

ఒకటి పాలిస్టరు: మెరుస్తుంది, బొమ్మలు మోస్తుంది.
ఒకటి పాలిథీను: మెత్తన, వేడి తగిలితే నోరు మూసుకుంటుంది.
రెంటికీ నడుమ
వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు జిగురు.

పాత జిగురులో సగానికి పైగా ద్రావకమే.
పూసిందంతా వేడి గుహలో గాలికి పోయేది.
మిగలముగ్గిన గెల వాసన షెడ్డంతా కమ్మేది.
మార్కెట్టుదో, మా యంత్రానిదో
మొదటి ఏడు నాకు తెలిసేది కాదు.
రెండో ఏడు తలనొప్పిని బట్టి తెలిసింది.
సూరన్నకి ఇరవయ్యో ఏటికి
ఏ వాసనా తెలియడం మానేసింది.
పొయ్యి మీద పులుసు మాడితే
పక్కింటివాళ్లొచ్చి చెప్పాలి.

మొన్న శ్రావణంలో కొత్త యంత్రం దిగింది.
గౌతమి వంతెన మీద లారీ రెండు గంటలు ఇరుక్కుందట.
ఈ జిగురులో ద్రావకం చుక్క లేదు.
ఎగిరిపోయేదేం లేదు కాబట్టి ఆరేదీ లేదు,
వెలుతురు తగిలితే బిగుస్తుంది.
ఇంజినీరు అతినీలలోహితం అంటాడు,
సూరన్న నల్లదీపం అంటాడు.
నీళ్లలా దాని కిందికి వెళ్లింది
రెప్పపాటులో
చేతులు చేతులు పట్టుకుని అవతలికొస్తుంది.

ఆయన బోర్డు మీద గొలుసులు గీస్తుంటే
నాకు మా అమ్మ చాప కనబడింది.
మామిడి రసం పూసి, ఎండకి వదిలి,
ఆ పొర బిగిశాక ఇంకో పొర.
"ఎండే అతికిస్తాదే, నేను పూస్తానంతే."
కాకులకని అడ్డంగా తాడు కట్టనిచ్చేది కాదు.
తాడు నీడ పడ్డ గీత మేరా
తాండ్ర తడిగా ఉండిపోతుందని.
అది ఆరడం, ఇది బిగియడం,
రెండూ ఒకటి కాదంటాడు ఇంజినీరు.
కాకపోవచ్చు.
నీడ మాత్రం ఒకటే.

బుధవారం ఆత్రేయపురం వాళ్ల తాండ్ర సంచులు, అరకిలోవి.
ముందువైపు బంగినపల్లి పండు, ముదురాకుపచ్చ ఆకు.
అంగుళం పట్టీ కోసి దవడల్లో బిగించి లాగాను.
పండు దగ్గర ఫిల్మే చిరిగింది గాని జిగురు వదల్లేదు.
ఆకు దగ్గర,
నిద్రలో పట్టుకున్న చెయ్యి జారినట్టు,
ఊరికే వచ్చేసింది.
వేలికి తడి.

ఆ రంగు కిందికి దీపం చేరలేదు.
జత దొరకని అణువు ఊరుకోదు, తిరుగుబోతు.
పొర దాటి తాండ్రలోకి,
తాండ్రతోబాటు ఏ పిల్లాడి నాలిక మీదికో.
నలభై వేల సంచులు.
"ఆకు దగ్గర పట్టుకుని ఎవరు లాగుతారమ్మా?"
మేనేజరు అన్నాడు.
ఆ పట్టీ ఆయన బొటనవేలికి రాశాను.
వాసన చూసుకుని,
జేబురుమాలుతో తుడుచుకుని,
మళ్లీ తుడుచుకుని,
రోళ్లన్నీ పక్కన పెట్టించాడు.
ఇప్పుడు మా మామిడికి లేతాకు.

నిన్న సూరన్న కొత్త డబ్బా మూత తీసి
ముక్కు దాదాపు ముంచేశాడు.
"వాసన లేదు కదా?" అన్నాను.
"నాకెప్పుడుంది గనక" అని నవ్వాడు.
నిజానికి దీపం దగ్గర కొంచెం ఉంది,
పిడుగు పడ్డాక గాలి ఉంటుందే, అలాంటిది.
చెప్పలేదు.

షిఫ్టు దిగి మార్కెట్టు దాటుతుంటే
ఎన్నాళ్లకో చక్రకేళి వేరు, కర్పూరం వేరు
నా ముక్కుకి విడివిడిగా అందాయి.
ఆయన ఒక అత్తం ముందు ఆగాడు.
కళ్లు మూసుకుని ఒక్కో పండూ బొటనవేలితో ఒత్తాడు,
నాలుగోది తెంపాడు.
"ఇది."
వాసన చూడకుండానే
ఒలుచుకున్నాను.